34 అంగుళాల బేస్‌కు తక్కువ టెన్షన్ స్ట్రింగ్స్: ఏవి వేయాలి, వేశాక ఏం చేయాలి

చిత్తూరు నుంచి అడిగిన మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. చర్చిలో నాలుగు తీగల లాంగ్ స్కేల్ (34 అంగుళాల) బేస్ గిటార్ వాయిస్తారు. దానికి ఇప్పుడున్నది 45-105 సెట్ (అంకెలు సన్న తీగ, లావు తీగల అడ్డకొలతలు). ఆరాధన మొదలై గంట దాటేసరికి ఎడమ బొటనవేలి మొదలు, మణికట్టు లాగేస్తున్నాయి. తక్కువ టెన్షన్ స్ట్రింగ్స్ వేస్తే ఈ బాధ తగ్గుతుందా? సౌండ్ పీలగా అయిపోతుందా? ఈ బేస్ అమ్మేసి షార్ట్ స్కేల్ (30 అంగుళాల బేస్) కొనుక్కోవడమే మేలా?

బేస్ అమ్మొద్దు. ముందు నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ), యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) చూపించుకోండి. ఆ తర్వాత 40-95 నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టిన మామూలు రకం) సెట్ వేయించి, నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ను కాస్త వదులు చేయించండి. మీరు చెప్పిన ఇబ్బందికి చాలావరకు ఇది సరిపోతుంది. ఇంకా మెత్తగా కావాలి, డబ్బు పెట్టగలను అంటే థోమాస్టిక్ కంపెనీ జాజ్ ఫ్లాట్స్ అనే తీగలు ఉన్నాయి. సౌండ్ పీలగా అవుతుందన్న భయం అక్కర్లేదు. కుడి చేత్తో గట్టిగా బాదే అలవాటు ఉంటే మాత్రం కొత్త తలనొప్పులు వస్తాయి. వాటి సంగతి కింద చెబుతాను.

నేను తిరుపతిలో ఆర్కెస్ట్రాలకు బేస్ వాయిస్తాను, తెలిసినవాళ్లకు గిటార్లు సెటప్ చేసి పెడతాను. కాబట్టి రాసేదంతా వాయించేవాడిగా, స్పానర్ పట్టుకునేవాడిగా చూసిందే.

నొప్పి గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. మన వైపు మణికట్టు అనగానే పుత్తూరు బస్సెక్కమంటారు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు సరే, మీది ఆ రకం నొప్పిలా లేదు. వేళ్లలో తిమ్మిరి గానీ, రాత్రిళ్లు చురుకు గానీ ఉంటే స్ట్రింగ్స్ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించండి. అవేమీ లేకుండా వాయించినప్పుడే లాగుతోందంటే, చాలాసార్లు వాయిద్యంలోనే కారణం దొరుకుతుంది.

అది ఎక్కువగా నట్ దగ్గర దొరుకుతుంది. తక్కువ ధర బేసుల్లో ఫ్యాక్టరీలో నట్ గాడులు తగినంత లోతుగా కోయరు. దాంతో మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర తీగ బాగా ఎత్తున ఉంటుంది. భక్తి పాటల్లో బేస్ ఎక్కువ సేపు ఉండేది అక్కడే కదా. ఇంట్లోనే చూసుకోవచ్చు. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని, ఒకటో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు ఎంతుందో చూడండి. మామూలు తెల్ల కాగితం దూరేంత ఉంటే చాలు, అన్నింటికన్నా లావైన ఇ తీగకు ఇంకొంచెం ఉన్నా పర్లేదు. రెండు మూడు విజిటింగ్ కార్డులు పట్టేంత సందు ఉంటే మీ బొటనవేలిని పీడిస్తున్నది టెన్షన్ కాదు, ఆ నట్టే. దాన్ని సరిచేయకుండా ఎంత మెత్తటి సెట్ వేసినా సగం డబ్బు దండగ.

నట్ బాగానే ఉందనుకుందాం. ఇక తీగల దగ్గరికి వద్దాం.

ప్యాకెట్ మీద లావు కాదు, తీగ బరువు చూడాలి. 45 అంటే అంగుళంలో వెయ్యికి 45 వంతులు, అంటే సుమారు 1.14 మిల్లీమీటర్లు. 105 అంటే 2.67 మిల్లీమీటర్లు. అది అడ్డకొలత మాత్రమే. లాంగ్ స్కేల్ అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 34 అంగుళాలు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌తో వచ్చిన ఈ కొలతే ఇవాళ్టికీ ఎక్కువ బేసులకు ఉంది. పొడవు మారదు. శ్రుతీ మారదు, ఇ తీగ సెకనుకు 41.2 కంపనాల దగ్గర, జి తీగ 98 దగ్గర మోగాల్సిందే. ఈ రెండూ ఖాయమైపోయాక టెన్షన్‌ను తేల్చేది ఒక్కటే, అంగుళం తీగ ఎంత బరువుందన్నది. బరువైన తీగను అదే శ్రుతికి తేవాలంటే ఎక్కువ బిగించాలి, తేలికైనదైతే తక్కువ బిగిస్తే చాలు.

ఒకే రకం తీగల్లో అయితే లావు చూసి బరువు అంచనా వేయవచ్చు. అడ్డకొలత పదో వంతు తగ్గితే బరువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. 105 నుంచి 95కి దిగితే చూడ్డానికి పెద్ద తేడా ఉండదు, కానీ ఇ తీగ మీద టెన్షన్ ఇంచుమించు అంత తగ్గుతుంది. 45 నుంచి 40కి దిగితే జి తీగ మీద ఐదో వంతు పైనే పోతుంది. మీ 45-105 సెట్ నాలుగు తీగలూ కలిపి నెక్‌ను సుమారు 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. 40-95 వేస్తే అందులో పది, పదిహేను కిలోలు తగ్గిపోతాయి. ఈ అంకె గుర్తుంచుకోండి, సెటప్ దగ్గర మళ్లీ కావాలి.

రకం మారితే లావు లెక్క పనికిరాదు. ఫ్లాట్‌వౌండ్‌లో చుట్టిన తీగ పట్టీలా చదునుగా ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉండదు. అందుకే అదే లావు రౌండ్‌వౌండ్ కన్నా సాధారణంగా బరువెక్కువ, బిగువెక్కువ. "ఫ్లాట్స్ నున్నగా ఉంటాయి, చేతికి హాయి" అని ఎవరో చెప్పగా డాడారియో క్రోమ్స్ 45-100 వేయించుకుని, ఇంతకుముందే నయం అన్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. క్రోమ్స్ మంచి తీగలే, నాకూ ఇష్టమే, మెత్తదనం కోసం మాత్రం కొనేవి కావు. నైలాన్ టేప్‌వౌండ్‌ది దీనికి ఎదురు కథ. పైన నైలాన్ పొర ఉండటం వల్ల లావు ఎక్కువ, బరువు తక్కువ. ప్యాకెట్ మీద 50-105 అని చూసి భయపడతాం, వేలు పెడితే మెత్తగా ఉంటుంది.

ఇక థోమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్. వియన్నాలో తయారవుతాయి. లాంగ్ స్కేల్ నాలుగు తీగల సెట్ నంబరు జెఎఫ్344, కొలతలు 43-56-70-100. ఫ్లాట్‌వౌండ్ అయినా, ఇ తీగ 100 అయినా, నేను ముట్టుకున్న ఫ్లాట్స్‌లో ఇంత మెత్తటివి ఇంకొకటి లేవు. తీగ నిర్మాణమే వేరు. లా బెల్లా వాళ్లు కూడా లో టెన్షన్ ఫ్లెక్సిబుల్ ఫ్లాట్స్ అని ఒక సెట్ చేస్తారు, అదీ ఈ దారిదే. పేరు ఒకటే కదా అని అదే లా బెల్లా వాళ్ల 52-110 జేమర్సన్ సెట్ కొనేరు! అమెరికాలో మోటౌన్ రికార్డు సంస్థ పాటల్లో బేసిస్టు జేమ్స్ జేమర్సన్ వాయించిన తరహా లావు ఫ్లాట్స్ అవి. మణికట్టు నొప్పి ఉన్నవాడు వాటి జోలికి వెళ్లకూడదు.

టెన్షన్ ఒకటి, వేలికి తగిలే బిరుసుతనం ఇంకొకటి. ఒకే టెన్షన్ ఉన్న రెండు తీగల్లో ఒకటి మెత్తగా, ఒకటి బిరుసుగా ఉండొచ్చు. లోపలి కోర్ తీగ ఆరు పలకలదైతే కాస్త బిరుసు, గుండ్రటిదైతే వంగే గుణం ఎక్కువ. డీఆర్ సన్‌బీమ్స్ గుండ్రటి కోర్‌వే. టెన్షన్ తగ్గించి సౌండ్ మార్చుకోవడం ఇష్టంలేనివాళ్లకు ఇదొక మధ్యే మార్గం. గుండ్రటి కోర్ తీగ వేసేటప్పుడు ఒక జాగ్రత్త: శ్రుతి బిగించే కీ దగ్గర కొస కత్తిరించాల్సి వస్తే, ముందు తీగను గట్టిగా మడిచి, తర్వాతే కత్తిరించాలి. మడవకుండా కత్తిరిస్తే పైన చుట్టింది లోపలి కోర్ మీద జారి వదులైపోతుంది. తీగ వేసిన రోజే చచ్చిపోయినట్టు మోగుతుంది, ఎందుకో అర్థం కాదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 45-65-85-105 సెట్లో అన్ని తీగల మీదా టెన్షన్ ఒకలా ఉండదు. అన్నింటికన్నా బిగువుగా ఉండేది డి తీగ. జి తీగ 19 కిలోల దగ్గర ఉంటే డి 23 కిలోల దాకా పోతుంది. మీ బేస్ మీద ఒక్కో తీగనూ అయిదో ఫ్రెట్ దగ్గర పక్కకు తోసి చూడండి, డి దగ్గర వేలు మొండికేస్తుంది. మీకు నొప్పి తెచ్చేది నాలుగు తీగలూ కాక ఆ ఒక్కటే అయితే, దాని బదులు విడిగా 60 తీగ కొని వేసుకుంటే చాలు, సుమారు 15 శాతం తగ్గుతుంది. బ్యాలెన్స్‌డ్ టెన్షన్ పేరుతో అమ్మే సెట్లు చేసేది ఇదే. డాడారియో వాళ్ల అలాంటి సెట్ 45-60-80-107. అందులో డి సన్నబడింది, ఇ కొంచెం లావెక్కింది.

సెట్ మార్చగానే బజ్ వస్తుంది, కంగారు పడొద్దు. తక్కువ టెన్షన్ తీగలకు చెడ్డపేరు వచ్చేది ఇక్కడే. నెక్ లోపలి ట్రస్ రాడ్ ఇన్నాళ్లూ ఆ 80 కిలోల లాగుడుకు సరిపోయేలా బిగించి ఉంది. మీరు పది, పదిహేను కిలోలు తీసేశారు. రాడ్ బిగువు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు రాడ్‌దే పైచేయి, నెక్ నిటారుగా అయిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా వంగుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో తీగ ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. ఇది చూసి "ఈ తీగలు బాగాలేవు" అని తీసేసేవాళ్లే ఎక్కువ.

చేయాల్సింది ఇది. తీగలు శ్రుతి చేసి, ఒకటో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి. నెక్ బాడీకి కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఇ తీగను నొక్కి పట్టుకోండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. వదులు తీగలు వెడల్పుగా ఊగుతాయి కాబట్టి 0.4 దాకా ఉన్నా నేను అలాగే వదిలేస్తాను. సందే లేకపోతే ట్రస్ రాడ్‌ను ఎడమ వైపుకు పావు తిప్పు తిప్పండి. ఒకసారికి పావు తిప్పు, అంతకు మించొద్దు. మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి ఆగి చూడండి. చెక్క అప్పటికప్పుడు కుదురుకోదు. ట్రస్ రాడ్ తిప్పే మర కదలనని మొరాయిస్తే బలవంతం పెట్టకుండా తెలిసినవాడి దగ్గరికి పట్టుకెళ్లండి.

పన్నెండో ఫ్రెట్ దగ్గర యాక్షన్ ఇ తీగకు 2.5, జి తీగకు 2 మిల్లీమీటర్లు పెట్టుకోండి. సన్న తీగ వేశాం కదా అని ఇంకా దించాలనిపిస్తుంది. దించకండి. తర్వాత ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి సరిగా పలకడం) సరిచూసుకోండి, తీగ సన్నబడితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) కొద్దిగా నెక్ వైపు రావాల్సి ఉంటుంది. పికప్‌ను కూడా ఒక మరకు దించండి. వదులు తీగ ఎక్కువ ఊగుతుంది, అయస్కాంతం దాన్ని లాగితే పై ఫ్రెట్లలో శ్రుతి వణుకుతుంది. కీ చుట్టూ ఇ తీగ కనీసం రెండు చుట్లు పైనుంచి కిందికి దిగేలా చుట్టండి. అప్పుడే నట్ మీద తీగ గట్టిగా ఆనుతుంది, ఖాళీ తీగ గిలగిలలాడదు.

బాడీ వెనక నుంచి తీగ ఎక్కిస్తే టెన్షన్ పెరుగుతుంది, బ్రిడ్జ్ నుంచి ఎక్కిస్తే తగ్గుతుంది అని వింటుంటాం. అది నిజం కాదు. నట్‌కూ శాడిల్‌కూ మధ్య పొడవు అదే, శ్రుతి అదే, తీగ అదే, కాబట్టి టెన్షన్ కూడా అదే. చేతికి కొంచెం తేడాగా అనిపించొచ్చు, అంతే.

ఇప్పుడు కుడి చేయి. మే నెలలో గంగ జాతర రోజుల్లో తిరుపతిలో ఆర్కెస్ట్రా వాయించినవాళ్లకు తెలుసు. బేస్ స్పీకర్ ఎక్కడో ఉంటుంది, డప్పుల మోతలో మన వాయింపు మనకే వినపడదు, తెలియకుండానే చేయి బరువెక్కుతుంది. అలా వాయించే ఒకాయనకు 40-95 వేసిచ్చాను. ఇంట్లో హాయిగా ఉంది, స్టేజీ మీద ప్రతి దెబ్బకూ శ్రుతి పైకి లేచి కిందికి జారుతోంది, ఫ్రెట్ల మోత స్పీకర్లోంచి వినిపిస్తోంది. వదులు తీగను గట్టిగా కొడితే మొదటి క్షణంలో శ్రుతి పెరుగుతుంది, అది తీగ స్వభావం. ఆయన అలవాటు మారేది కాదు. చివరికి కింది రెండు తీగలు 100, 80, పై రెండూ 60, 40 కలిపి వేశాం. ఎడమ చేతికి సుఖం, కుడి చేతికి ఆసరా. ఇప్పటికీ అవే వాడుతున్నారు. చర్చిలో మీకు మానిటర్ బాగా వినిపిస్తుంటే ఈ గొడవ రాకపోవచ్చు. ఆంప్ కొంచెం పెంచి చేయి తేలిక చేయండి. సౌండ్ పీలగా ఉందనిపించిన చాలా సందర్భాల్లో అసలు లోపం వాల్యూమ్‌లోనే ఉంటుంది. మెత్తటి తీగలో పై స్వరాలు బాగా పలుకుతాయి, నాకైతే ఆ గరగరలాడే గొంతే నచ్చుతుంది.

ఎస్.వి. సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న అమ్మాయి ఒకరు బేస్ మీద గమకాలు పలికించాలని వచ్చారు. వీణ మీద తీగను పక్కకు లాగి స్వరం తెప్పించే చెయ్యి అది. 45 జి తీగ మీద ఆ లాగుడుకు గోరు ఊడొస్తుంది. 40 వేశాక మధ్య ఫ్రెట్లలో ఒక స్వరం దాకా సులువుగా లాగుతున్నారు. కర్ణాటక ఫ్యూజన్ వైపు వెళ్లాలనుకునే బేసిస్టులు టెన్షన్ తగ్గించుకోవడానికి నొప్పి ఒక్కటే కారణం కానక్కర్లేదు.

ఎవరు వేయకూడదో కూడా చెప్పాలి. పాడేవాళ్ల గొంతు కోసం బేస్‌ను అర శ్రుతి దించి వాయించే అలవాటుంటే ఆలోచించండి. కీబోర్డు వాళ్లు ట్రాన్స్‌పోజ్ నొక్కి తప్పించుకుంటారు, మనం తీగలు దించుతాం. అర శ్రుతి దించితేనే టెన్షన్ 11 శాతం పడిపోతుంది, ఒక శ్రుతి దించితే ఐదో వంతు. దాని మీద 40-95 కూడా వేస్తే ఇ తీగ దండెం తాడులా ఊగుతుంది. దించి వాయించేవాళ్లకు 45-105 దగ్గరే ఉండటం మంచిది, వాళ్లు అప్పటికే తక్కువ టెన్షన్‌లో ఉన్నట్టు లెక్క. అయిదు తీగల బేస్‌లో బి తీగను కూడా సన్నం చేయొద్దు, 130 దగ్గరే ఉంచి పై నాలుగూ మార్చుకోండి.

షార్ట్ స్కేల్ సంగతి. 30 అంగుళాల బేస్ మీద అదే బరువు తీగ అదే శ్రుతిలో 22 శాతం తక్కువ టెన్షన్‌తో ఉంటుంది, నిజమే. ఇది ఇంచుమించు మీరు 40-95తో 34 అంగుళాల మీద సాధించేదే. కాబట్టి నొక్కడం కష్టమైతే తీగలు మార్చండి. వేళ్లు చాచడం కష్టమైతేనే షార్ట్ స్కేల్ కొనండి. ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా నాలుగు వేళ్లు పెట్టలేక మణికట్టు వంచుతున్నారేమో అద్దం ముందు చూసుకోండి. అదే అయితే అక్కడ మూడు వేళ్లతో, చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో వాయించి చూడండి. కాంట్రాబేస్ వాయించేవాళ్ల పద్ధతి అది. పైసా ఖర్చు లేదు.

కొనే విషయం. డాడారియో ఇఎక్స్ఎల్220, ఎర్నీ బాల్ ఎక్స్‌ట్రా స్లింకీ రెండూ 40-95 సెట్లే, నికెల్ రకమే. మొదటిసారికి ఏదైనా ఒకటే. రోటోసౌండ్ స్వింగ్ బేస్‌లోనూ 40-95 ఉంది, కానీ స్టీలు. గరుకు ఎక్కువ, ఫ్రెట్లను త్వరగా తింటుంది. తిరుపతి, చిత్తూరు షాపుల్లో గిటార్ తీగలు దొరికినంతగా బేస్ సెట్లలో ఎంపిక దొరకదు. చెన్నై వెళ్లే పని ఉంటే అన్నా సాలై మీద 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్‌లో అడిగి చూడవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే ధర మరీ తక్కువగా కనిపించే ప్యాకెట్ల జోలికి పోకండి, నకిలీలు తిరుగుతున్నాయి. ఆర్డర్ పెట్టే ముందు లాంగ్ స్కేల్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. టేపుతో మీ బేస్ మీద తీగ గుండు కూర్చునే చోటి నుంచి నట్ దాకా కొలవండి. సన్నబడే కొస నట్ దాటాకే మొదలవ్వాలి. బాడీ వెనక నుంచి ఎక్కించే బేస్ అయితే ఈ కొలత ఇంకా ముఖ్యం.

జాజ్ ఫ్లాట్స్ ధర మామూలు సెట్‌కు రెండు మూడు రెట్లు పైనే ఉంటుంది. కానీ ఫ్లాట్స్ ఏళ్ల తరబడి ఉంటాయి. రౌండ్‌వౌండ్ సెట్లకు మన ఎండాకాలం చెమట పెద్ద శత్రువు. 40 డిగ్రీలు దాటిన రోజు సాయంత్రం వాయించి తుడవకుండా సంచిలో పెట్టేస్తే తెల్లారేసరికి జి తీగ మీద మచ్చలు కనిపిస్తాయి. పాత కాటన్ గుడ్డ ఒకటి కేసులో పడేసుకుని, వాయించగానే పైనా కిందా తుడవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మన వైపు నెక్‌లు మళ్లీ కదులుతాయి, అప్పుడొకసారి ఆ విజిటింగ్ కార్డు పరీక్ష చేసుకోండి.

తీసిన 45-105 సెట్‌ను పారేయకుండా చుట్టి పెట్టుకోండి. నెల రోజులు వాయించాక ఇ తీగ ఒక్కటి మరీ వదులుగా అనిపిస్తే దాన్ని మాత్రం వెనక్కి వేసుకోవచ్చు. నట్ దగ్గర సందు ఎంత వచ్చిందో, బేస్ ఏ మోడలో రాస్తే నట్ కోయించాలో అక్కర్లేదో చెబుతాను.